ఒక ఖాళీ తక్కువ

మా మేనత్తను ఊళ్ళో అందరూ తుపాకీ అత్త అంటారు. ఆ పేరు విని ఏ ఆరడుగుల మనిషినో ఊహించుకుని వచ్చినవాళ్ళు, వాకిట్లో స్టూలు మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు ఒలుస్తున్న పొట్టి మనిషిని చూసి, "అత్తగారు లేరా అమ్మా?" అని ఆవిడనే అడుగుతారు. "లేదు నాయనా, పందులతో రాజీ మాట్లాడి వస్తానని కొండెక్కింది" అంటుంది అత్తయ్య, మొహంలో ఒక్క గీత కూడా కదలనివ్వకుండా. వాళ్ళు అమాయకంగా కొండవైపు చూస్తారు. అప్పుడు లోపల్నుంచి మామయ్య నవ్వు వినిపిస్తుంది.

ఆ నవ్వు గురించి రాద్దామనే కూర్చున్నాను. రాయబోతే నోట్లో చేదు ఊరుతోంది. ముందే చెప్పేస్తున్నాను, ఇది నేను శాంతంగా చెప్పగలిగిన సంగతి కాదు. నేను పాల వ్యాను తోలేవాణ్ణి. విరిగిన పాల వాసన, కడగని క్యాన్ల వాసన నాకు రోజూ ఉండేవే. తుపాకీ లైసెన్సుల ఆఫీసు వాసన మాత్రం ఇప్పటికీ నా ముక్కుకు అలవాటు కాలేదు.

మామయ్య ఒకప్పుడు టౌన్లో గడియారాలు బాగుచేసేవాడు. మెట్ల కింద ఇరుకు గదిలో బల్ల, బల్ల మీద దీపం, కంటికి తగిలించుకునే భూతద్దం, అంతే దుకాణం. చీమ తలంత మరలు చిమ్టాతో ఎత్తి బిగించేవాడు. ఎప్పుడైనా ఒకటి జారి కింద పడితే ఆయన వంగి చూసేవాడు కాదు. నేలను మనసులోనే గళ్ళుగళ్ళుగా విడగొట్టుకుని, ఒక్కో గడినీ అంచుల నుంచి నడిమికి అరచేత్తో నిమురుతూ పోయేవాడు. "పడ్డదాన్ని కళ్ళతో వెతికితే కళ్ళు మోసం చేస్తాయిరా. చెయ్యి మోసం చెయ్యదు" అనేవాడు. దానికో నియమం కూడా ఉండేది. మొదలుపెట్టిన గడిని సగంలో వదలకూడదు. వదిలితే ఆ మర సరిగ్గా ఆ మిగిలిన సగంలోనే ఉంటుందట. దుకాణానికి ఎవరొచ్చి పిలిచినా, "ఈ గడి అయిపోనీ" అనేవాడు తల ఎత్తకుండా.

తర్వాత చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చింది. దుకాణం మూసేసి, మామయ్య తండ్రి వదిలి వెళ్ళిన చేను దగ్గరికి వచ్చేశారు ఇద్దరూ. కొండ కింద చేను. మొక్కజొన్న తప్ప ఇంకేదీ సరిగ్గా పండదు, పండిన మొక్కజొన్నను అడవిపందులు ఉండనివ్వవు. పంది తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. ఒక్క మంద ఒక్క రాత్రి దొర్లిందంటే ఏడాది కష్టం నేలపాలు. అందుకే చేనుతోపాటు ఒంటి గొట్టం తుపాకీ కూడా ఆ ఇంట్లో వారసత్వంగా వచ్చింది.

లైసెన్సు మామయ్య పేరుకు మార్పించుకోవడానికి వెళ్తే కంటి పరీక్ష పెట్టారు. గోడ మీద అన్నిటికన్నా పెద్ద అక్షరం ఏమిటని అడిగితే, "గోడ ఎటువైపుందండీ?" అన్నాడాయన. పరీక్ష పెట్టినాయన ఫైలు మూసేశాడు. పక్కన నిలబడ్డ అత్తయ్య, "అయితే నాకివ్వండి" అంది. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. వారం తిరక్కముందే మైదానంలో డబ్బా పెట్టి కాల్చమన్నారు. కాల్చింది. డబ్బా ఎగిరిపడింది. ఆ తర్వాత నవ్వింది మామయ్య ఒక్కడే.

అప్పట్నుంచీ వాళ్ళ పని వాటాలేసుకున్నట్టు నడిచింది. ఆవిడ కాలుస్తుంది, ఆయన ఖాళీలు ఏరతాడు.

ఖాళీలంటే పేలిపోయిన తూటాల గొట్టాలు. ఆ తుపాకీని నడుం దగ్గర విరిచి తెరిస్తే, పేలిన గొట్టం టప్పుమని ఎగిరి వెనకాల ఎక్కడో పడుతుంది. పడింది పడినట్టు వదిలేస్తే కుదరదు. మా దగ్గర రూలు ఏమిటంటే, లైసెన్సున్న మనిషికి ఏడాదికి ఇన్ని అని తూటాలిస్తారు. మళ్ళీ ఏడాది కొత్తవి కావాలంటే పాతవాటి ఖాళీలన్నీ ఆఫీసులో అప్పజెప్పాలి. ఆఫీసు ముద్ర వేస్తేనే దుకాణంలో తూటాలిస్తారు. లేకపోతే తుపాకీ ఉత్త ఇనప కర్ర.

ఈ రూలును తిట్టడానికి రాస్తున్నాననుకునేరు. తూటాకు లెక్క ఉండాల్సిందే. ఆ మాట మొదట నాకు చెప్పింది అత్తయ్యే. "లెక్క లేకపోతే ప్రతి తాగుబోతు చేతిలోనూ తూటా ఉంటుందిరా. పంది కోసం కొన్నది పక్కింటోడి మీదకి పోతుంది. అడగనీ, చూపిద్దాం. మనకేం భయం?" అనేది. ఖాళీలన్నీ బిస్కట్ల డబ్బాలో దాచేది. మామయ్య వాటికి అంటిన మట్టిని, గడియారాల అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో తుడిచి, ఇత్తడి అడుగును మెరిసేదాకా రుద్ది మరీ లోపల పెట్టేవాడు. "వాటికేమైనా పెళ్ళిచూపులా?" అని అత్తయ్య ఎకసెక్కాలాడేది. "గవర్నమెంటు వాళ్ళ బల్ల మీద పెట్టేవి, మురికిగా ఇస్తామా?" అనేవాడు ఆయన. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ఎవరినైనా కొట్టాలనిపిస్తుంది.

ఏళ్ళ తరబడి ఒక్క ఖాళీ కూడా పోలేదు. మొక్కజొన్న సాళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, గడి తర్వాత గడి నిమురుకుంటూ పోయి, చివరికి చెయ్యి పైకెత్తి చూపించేవాడు. చూపు పోయిన మనిషికి అదొక్కటే గెలుపు. దుకాణం పోయింది, బస్సు నంబరు చదవలేడు, అన్నంలో రాయి ఉంటే పంటికి తగిలేదాకా తెలియదు. ఖాళీ మాత్రం ఆయన వేళ్ళను దాటిపోదు.

నిరుడు వానాకాలంలో దాటిపోయింది. కాల్చిన కాసేపటికే కుండపోతగా వాన పడింది, సాళ్ళలో నీళ్ళు కాలవలై పారాయి. మామయ్య ఆ చేనంతా నిమిరాడు. కాలవ దిగువకు వెళ్ళి ఇసకలో వెతికాడు. ఎండొచ్చాక మళ్ళీ వెతికాడు. దొరకలేదు. అన్నం ముందు కూర్చుని కూడా అదే మాట. "ఇన్నేళ్ళలో నా చేతికింద ఒక్క మర పోలేదే." అత్తయ్య, "పోనిద్దురూ, వాన తీసుకుపోతే మీరేం చేస్తారు? వానను అరెస్టు చేయిద్దాం" అంది. ఆయన నవ్వలేదు.

ఆ ఒక్క ఖాళీ తక్కువతోనే అత్తయ్య నా వ్యానులో ఆఫీసుకు వచ్చింది.

ఆ గది చెబుతాను. గోడకు వక్కపొడి రంగు మరకలు, మూలలో కారుతున్న కూలరు కింద బకెట్టు, బకెట్టులో తేలుతున్న టీ కప్పులు. గుమాస్తా బల్ల మీద ఫైలు తెరిచి పెట్టుకుని, దాని మీదే గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. కత్తిరించిన గోరు ముక్కలు ఎవరి దరఖాస్తు మీదో పడుతున్నాయి. అత్తయ్య బిస్కట్ల డబ్బా మూత తీసి ముందు పెట్టింది. మామయ్య మెరుగు పెట్టిన ఇత్తడి, లైటు పడి తళతళలాడింది. గుమాస్తా చేత్తో ముట్టుకోలేదు. చచ్చిన బొద్దింకను కదిపినట్టు పెన్సిలుతో ఒక్కొక్కటీ అటు తోశాడు.

"ఒకటి తక్కువుందేం?"

"వానకు కొట్టుకుపోయిందండీ. మా ఆయన చాలా వెతికారు. కావాలంటే ఒక తూటా తగ్గించి ఇవ్వండి."

"తగ్గించి ఇవ్వడం అనేది లేదమ్మా. అన్నీ ఇస్తే అన్నీ, లేకపోతే ఏదీ లేదు. ఆ తూటా వానకు పోయిందో, ఎవడికైనా అమ్మావో నాకెలా తెలుస్తుంది?"

"నేను అమ్మానా?" అత్తయ్య డబ్బాను ఇంకాస్త ముందుకు జరిపింది. "పంట పాలకంకి మీద ఉందయ్యా. ఇప్పుడే పందులు దిగుతాయి."

"విచారణకు రాస్తాను. మావాళ్ళు వచ్చి చేను చూస్తారు. చూశాక ఇస్తాం."

"ఎప్పుడొస్తారు?"

"వచ్చినప్పుడు వస్తారు" అని గుమాస్తా ఫైలు ఎత్తి గోళ్ళు దులుపుకున్నాడు. ఒక ముక్క ఎగిరొచ్చి అత్తయ్య చెంగు మీద పడింది. ఆవిడ చూసింది. దులుపుకోలేదు.

వరండాలోకి వచ్చామో లేదో, ఆఫీసు ప్యూను వెనకే వచ్చాడు. నున్నగా దువ్విన తల, చంకలో టిఫిను డబ్బా. గోడవైపు తిరిగి మూత కొంచెం తెరిచి చూపించాడు. లోపల తినేవి లేవు. ఖాళీలున్నాయి, రకరకాల సైజులవి.

"మీ సైజుది ఉందమ్మా. ఇదిగో, ఇది కలిపి ఇప్పుడే మళ్ళీ వెళ్ళి చూపించండి. సారు ఏమీ అనరు. నాకు టీ ఖర్చులివ్వండి చాలు."

అత్తయ్య ఒకటి తీసుకుని తిప్పి చూసింది. వాసన చూసి మొహం చిట్లించింది. "ఇది ఎవరి చేలోది నాయనా?"

"ఎవరిదైతేనేమమ్మా, ఖాళీ ఖాళీయే కదా."

ఆవిడ దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండింది. ప్యూను మీద మండింది, అత్తయ్య మీద కూడా మండింది. వ్యానెక్కాక ఉండబట్టలేక అడిగేశాను.

"తీసుకుంటే ఏం పోయేదత్తయ్యా? కంచే చేను మేస్తుంటే నువ్వొక్కదానివి కాపలా కాస్తావా?"

"మీ మామయ్యకేం చెప్పమంటావురా? మీ చేతికి దొరక్కపోతే బజార్లో కొనుక్కొచ్చానని చెప్పనా?" అంది.

ఆ వారమే మా ఊరి కంకర క్రషరు యజమాని కొడుకు పెళ్ళి. ఊరేగింపులో పెళ్ళికొడుకు స్నేహితులు ఆకాశంలోకి కాలుస్తూనే ఉన్నారు. ఢాం, ఢాం, మధ్యలో కేరింతలు. పిట్టలు చెట్లు వదిలి పారిపోయాయి. చేలో మంచె మీద కూర్చున్న అత్తయ్య ఆ చప్పుళ్ళు వింటూ, "వాళ్ళ ఖాళీలు ఎవరేరతారో పాపం" అంది. ఎవరూ ఏరరు. మర్నాడు పాలు పోయడానికి వెళ్తే వాళ్ళ ముంగిట్లో ఖాళీలు, ఎంగిలి విస్తళ్ళు, ఎవరో కక్కిన కక్కు, అన్నీ కలిపి ఊడుస్తున్నారు. ఆ క్రషరు యజమానికి మళ్ళీ ఏడాది తూటాలు ఆగలేదు. ఎందుకు ఆగుతాయి? టిఫిను డబ్బా ఉందిగా.

విచారణకు ఎవరూ రాలేదు. పందులు మాత్రం చెప్పినట్టే దిగాయి.

అత్తయ్య దగ్గర మిగిలినవి మామగారి కాలం నాటి పాత తూటాలు కొన్ని. అట్ట గొట్టాలవి, చెమ్మ తగిలి ఉబ్బాయి. వాటిని మేడ మీద ఎండలో ఆరబెట్టి, రాత్రిళ్ళు పిండి డబ్బాలో పెట్టేది. ఇవి పేలతాయా అని నేనడిగితే, "పేలితే పంది పోతుంది. పేలకపోతే చప్పట్లు కొడదాం" అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. దుకాణంలో కొన్నవాటిలో నమ్మకమైన తూటా ఒక్కటే మిగిలింది. దాన్ని ముందు పెట్టి కాల్చాలని ఇద్దరూ అనుకున్నారు.

పొద్దు గుంకుతోంది, ఇంకా వెలుతురుంది. నేను ఖాళీ క్యాన్లు దించి, మంచె దగ్గర నిలబడి మాట్లాడుతున్నాను. చేను ఆ చివర ఆకులు గలగలమన్నాయి. అత్తయ్య మంచె దిగి, సాళ్ళ మధ్యకు నడిచి, గురి చూసి కాల్చింది. ఒక మగపంది కీచుమని పల్టీకొట్టి, లేచి, కుంటుకుంటూ మొక్కజొన్నలోకి దూరిపోయింది. తగిలింది. చావలేదు.

అత్తయ్య తుపాకీ విరిచింది. ఖాళీ ఎగిరి వెనకాల పడింది. ఆవిడ పాత తూటా ఒకటి తీసి గొట్టంలోకి తోసి, పంది పోయినవైపే చూస్తూ నిలబడింది. మామయ్య అప్పటికే ఆవిడ వెనక సాల్లో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇప్పుడొద్దండీ. అది చావలేదు, ఇక్కడే ఎక్కడో ఉంది. మంచె ఎక్కండి" అంది అత్తయ్య.

"చీకటి పడితే దొరకదే. ఇంకొకటి పోయిందంటే తుపాకీయే లాక్కుంటారు వాళ్ళు" అన్నాడాయన. చెయ్యి నేల మీద తిరుగుతూనే ఉంది.

గాయపడ్డ పంది పారిపోదు, తిరిగొస్తుంది. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆ మనిషి నేలను నిమురుతున్నాడు. ఆయన్ని ఆ నేల మీద కూర్చోబెట్టింది పంది కాదు, ఆ గుమాస్తా పెన్సిలు. నేను ఈ మాట ఎక్కడైనా చెబుతాను.

పక్క సాల్లో ఆకులు విడిపోయాయి. నేను అరిచాను. అత్తయ్య తిరిగి, "లేవండి! ఏవండీ, లేవండి!" అని కేక పెట్టింది.

"ఆగవే, ఈ గడి అయిపోనీ" అన్నాడు మామయ్య.

అత్తయ్య గురి పెట్టి ట్రిగ్గరు నొక్కింది. టిక్కుమంది. పేలలేదు. మళ్ళీ సుత్తి లాగి నొక్కింది. టిక్కు. ఆ చప్పుడు ఆయన బల్ల మీది గడియారం చప్పుడంత చిన్నది. అప్పటికే పంది ఆయన మీద పడింది. అత్తయ్య తుపాకీ తిరగేసి దాని కర్ర మడమతో పంది తల మీద బాదింది. నేను పాల క్యానుతో కొట్టాను. ఎన్ని దెబ్బలకు వదిలిందో నాకు గుర్తులేదు. వదిలేసరికి ఆయన తొడ కాస్తా... వద్దులెండి. ఆ పంది వాసన, ఆ నెత్తుటి వాసన నా వ్యానులోంచి పోవడానికి చాలా కాలం పట్టింది.

ఆస్పత్రిలో ఆయన కుడి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. సూది పెట్టాలి, చెయ్యి తెరవమంటే తెరవలేదు. స్పృహ సగమే ఉంది. నర్సమ్మ ఒక్కో వేలూ విడదీసింది. అరచేతిలో ఖాళీ ఉంది. గడి పూర్తి చేశాడు మా మామయ్య.

కాలు మోకాలి పైదాకా తీసేశారు. మేమంతా ఆస్పత్రి వరండాలో ఉండగా పందులు తీరిగ్గా చేనంతా మేశాయి. ఒక్క పొత్తు చేతికి రాలేదు. దేన్ని కాపాడుకోవడానికి ఇదంతా జరిగిందో అది కూడా పోయింది. అప్పుడు వచ్చాడండీ విచారణకు మనిషి! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట వెనకటికొకడు. బూట్లకు బురదవుతుందని చేలోకి దిగలేదు. గట్టు మీద నిలబడే, "అయితే ఆ రోజు పేలని తూటా ఏదమ్మా? అది కూడా జమ చెయ్యాలి కదా" అన్నాడు. అత్తయ్య లోపలికి వెళ్ళి తెచ్చి ఇచ్చింది. విచారణకు వచ్చినాయన ఏదో రాసుకుని, "వానకు పోయిందనే రాస్తున్నాలే, మీ పరిస్థితి చూసి" అని ఉపకారం చేసినట్టు నవ్వాడు. ఆ ముక్క ముందే రాసుంటే!

కొన్నాళ్ళకు ఖాళీలు తీసుకుని రమ్మని కబురొచ్చింది. నేను వద్దన్నాను. చేలో పంటే లేదు, తూటాలెందుకన్నాను. మంచం మీద నుంచి మామయ్యే వెళ్ళమన్నాడు. ఆ రోజు పొద్దున గుడ్డ తెప్పించుకుని ఖాళీలన్నీ మళ్ళీ తుడిచాడు. పిడికిట్లో దొరికినదాన్ని ఇంకాస్త ఎక్కువసేపు తుడిచాడు. అతుకులో నల్లగా ఎండిపోయినదేదో వేలికి తగిలి, అగ్గిపుల్లతో గీకాడు. అదేమిటో నేను చెప్పలేదు.

ఆఫీసులో అదే గుమాస్తా. ఈసారి ఫోనులో ఏదో చూసి నవ్వుకుంటున్నాడు. అత్తయ్య డబ్బా మూత తీసి ముందు పెట్టింది.

"అక్కడ బకెట్లో పోసెయ్యమ్మా" అన్నాడు తలెత్తకుండా.

"లెక్క చూసుకోండి బాబూ."

"ఎందుకులేమ్మా, మీ మీద నమ్మకం ఉంది. విచారణ కూడా అయిపోయిందిగా." ముద్ర వేసి కాగితం ముందుకు తోశాడు.

అత్తయ్య కదల్లేదు. "మా ఆయన తుడిచి పంపించారు. ఒక్కసారి చూడండి."

గుమాస్తా అప్పుడు తలెత్తి, విసుగ్గా డబ్బా లాక్కుని తనే బకెట్లో బోర్లించేశాడు. కూలరు కింద ఉండే ఆ బకెట్టే. టీ కప్పుల మధ్య నీళ్ళలో ఖాళీలు బుడుంగుమన్నాయి. ఒకటి అంచుకు తగిలి కింద పడి దొర్లింది. అతను దాన్ని చెప్పుకాలితో గోడ పక్కకు తన్నాడు.

నేను ఏదో అనబోయాను. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది. అంతలో ప్యూను వచ్చి బకెట్టు ఎత్తుకుని వెనక తలుపులోంచి వెళ్ళాడు. అత్తయ్య అతని వెనకే నడిచింది. ఎందుకో ఆవిడకే తెలియదనుకుంటాను. ఇన్నేళ్ళూ తను ఇచ్చినవి ఎక్కడుంటాయో ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

ఆఫీసు వెనక మరుగుదొడ్ల గొట్టం కింద, పగిలిన కుర్చీల పక్కన ఖాళీల గుట్ట ఉంది. ఏళ్ళ ఖాళీలు. కింద ఉన్నవి పచ్చగా చిలుం పట్టి, మీద ఉన్నవాటి నిండా టీ పిప్పి, ఉమ్ములు, గొట్టంలోంచి కారే నీళ్ళు. ప్యూను బకెట్టు కుమ్మరించి, గొంతుక్కూర్చుని, అందులోంచి మెరిసేవి ఏరుకుంటున్నాడు. మామయ్య తుడిచినవి సులువుగా కనిపిస్తాయి కదా. ప్యాంటుకు రుద్ది టిఫిను డబ్బాలో వేసుకుంటున్నాడు.

మమ్మల్ని చూసి ఉలిక్కిపడలేదు. "మీ ఖాళీలు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయమ్మా. వీటికే గిరాకీ" అన్నాడు, మెచ్చుకున్నట్టు.

నేను గోడ పక్కకు వెళ్ళి కక్కుకున్నాను. తిరిగి వచ్చేసరికి అత్తయ్య గుట్ట ముందు అలాగే నిలబడి ఉంది. గుట్ట అంచున ఒక ఖాళీ ఆవిడ చెప్పు దగ్గరికి దొర్లింది. ఆవిడ చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళింది. సగం దూరం వెళ్ళాక ఆగి, చెయ్యిని వెనక్కి లాక్కుని, చెంగులో దాచుకుంది.

"పద" అంది.

దుకాణంలో తూటాల పొట్లం తీసుకున్నాం. వ్యానులో ఆవిడ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊళ్ళోకి మలుపు తిరిగేటప్పుడు మాత్రం, "ఒరేయ్, అక్కడ చూసింది అక్కడే. ఇంట్లో నీ నోరు తెరుచుకుందో, నేను నీకు అత్తను కాను" అంది.

మామయ్య మంచం మీద దిండుకు ఆనుకుని మా కోసమే చూస్తున్నాడు. చూస్తున్నాడంటే, తలుపువైపు చెవి పెట్టుకుని ఉన్నాడు. చెప్పుల చప్పుడు వినగానే అడిగాడు.

"లెక్కపెట్టారా?"

"పెట్టకేం? ఒక్కొక్కటీ చేత్తో తీసి మరీ చూసుకున్నారు" అంది అత్తయ్య, చెంబులో నీళ్ళు తీసుకుని చేతులు కడుక్కుంటూ. ఎంతసేపు కడుక్కుందో.

"దానికేమన్నారు? వానకు పోయినదానికి?"

"దాన్ని ఎవరు పట్టుకోగలరమ్మా అన్నారు. ఇంత శుభ్రంగా ఎవరూ తెచ్చివ్వరట. మీరెవరో కనుక్కున్నారు కూడా. గడియారాలు చేసిన చెయ్యి అని చెప్పాను."

మామయ్య మొహం విప్పారింది. పంది పడ్డ రోజు నుంచీ నేను ఆ మొహం చూడలేదు. "చూశావురా?" అన్నాడు నావైపు తిరిగి. "కళ్ళున్నవాళ్ళు కూడా అన్నీ అప్పజెప్పి ఉండరు. మరి ఆ చివరిదో, నా చేతిలోది?"

అత్తయ్య తడి చేతులు చెంగుకు తుడుచుకుంది. నేను నేలవైపు చూస్తున్నాను.

"దాన్ని విడిగా పెట్టారండీ" అంది.

ఆయన తృప్తిగా వెనక్కి వాలాడు. ఆయన చెయ్యి దుప్పటి మీద, కాలు ఉండాల్సిన చోట, అంచుల నుంచి నడిమికి మెల్లగా నిమురుతూ తిరుగుతోంది. అక్కడేమీ లేదు. అయినా ఆ గడిని సగంలో వదల్లేదు. నేను వ్యాను కడుక్కోవాలని చెప్పి బయటికి వచ్చేశాను.